పాత అంబాసిడర్ డాష్‌బోర్డ్ గేజీలకు మళ్లీ వైరింగ్: ఒక్కో ఆదివారం ఒక్కో సర్క్యూట్

ఫ్యూయల్ గేజీలో ముల్లు ఫుల్ దగ్గరే నిలబడి ఉంది, బండి మాత్రం సూర్యాపేట దాటాక రెండు మూడు సార్లు దగ్గి రోడ్డు పక్కన ఆగిపోయింది. పక్క సీట్లో మా నాన్న. "ముల్లు చూసి బయల్దేరావా?" అని ఒక్క మాటే అన్నాడు, ఆ తర్వాత షేర్ ఆటో ఎక్కి బంకు దాకా ఆయనే వెళ్లి ఐదు లీటర్ల క్యాన్‌లో పెట్రోలు తెచ్చాడు. ఇంటికొచ్చాక వెతికితే డిక్కీలో జాకీ కింద నలిగి ఫ్యూయల్ వైరు పైతొడుగు చిరిగిపోయి, లోపలి రాగి బాడీకి తగులుతోంది. మా బండిలో ఉన్న రకం గేజీకి ఆ వైరు బాడీకి తగిలిందంటే చాలు, ట్యాంకులో చుక్క లేకపోయినా ఫుల్ చూపిస్తుంది. ఒక్క వైరే కదా అని డాష్ వెనక చెయ్యి పెట్టాను. అక్కడ కనిపించింది చూశాక మొత్తం గేజీల వైరింగ్ విప్పి మళ్లీ చేయాల్సొచ్చింది, ఒకటి కాదు, నాలుగు ఆదివారాలు పట్టింది.

మాది 1972 మార్క్ 2. ఒరిజినల్ గేజీలు ఎప్పుడో పోయాయి, తర్వాతి కాలపువి ఎవరో బిగించారు, ఆ మీద ఇంకెవరో ఆమ్‌మీటర్ (ఎంత కరెంటు పారుతోందో చూపే మీటరు) కూడా తగిలించారు. మీ బండిలో గేజీల వరస ఇలాగే ఉండకపోవచ్చు, ఫర్వాలేదు, పద్ధతి మాత్రం ఇదే. అంబాసిడర్ మూలం ఇంగ్లండ్ మోరిస్ ఆక్స్‌ఫర్డ్ సిరీస్ 3, ఉత్తరపారాలో 2014 దాకా తయారైంది. ఎలక్ట్రికల్ వ్యవస్థ అంతా లూకాస్ అనే ఇంగ్లిష్ కంపెనీ పద్ధతి, తర్వాత్తర్వాత మద్రాసు లూకాస్-టీవీఎస్ సామాను. అందుకే కింద చెప్పే వైర్ల రంగులు ఇంగ్లిష్ పాత కార్లకూ సరిపోతాయి. ప్రీమియర్ పద్మినికి మాత్రం రంగులు వేరు, అది ఫియట్ సంతానం.

అసలు వైరింగ్ మార్చాలా, ముందు అది తేల్చుకోండి

గేజీ తప్పు చూపిస్తే మనవాళ్లు మొదట చేసే పని కొత్త గేజీ కొనడం. రెండోది కొత్త వైరింగ్ కిట్టు కొనడం. రెండూ ఆపండి. నా అనుభవంలో డాష్‌బోర్డ్ రోగాల్లో ఎక్కువ భాగం ఎర్త్ రోగాలే. ఎర్త్ అంటే కరెంటు బండి ఇనప బాడీ గుండా బ్యాటరీకి తిరిగెళ్లే దారి. ఇండికేటర్ వేసినప్పుడల్లా ఫ్యూయల్ ముల్లు పాటకి తాళం వేసినట్టు ఊగుతోందా? హెడ్‌లైట్ వేయగానే టెంపరేచర్ ముల్లు కదులుతోందా? లైట్లు వేస్తే ఆర్పేసిన వార్నింగ్ బల్బు లేతగా వెలుగుతోందా? ఇవన్నీ ఎర్త్ సరిగ్గా లేక కరెంటు పక్క దారి వెతుక్కుంటోందని చెప్పే గుర్తులు.

పరీక్ష సులువు. రెండు మీటర్ల వైరు తీసుకుని ఒక చివర బ్యాటరీ ఎర్త్ టెర్మినల్‌కి, రెండో చివర గేజీ ఇనప డబ్బాకి తాకించండి. ముల్లు కుదురుకుందా, మీకు కావాల్సింది కొత్త వైరింగ్ కాదు, ఒక నల్ల వైరు, ఒక ఉప్పుకాగితం ముక్క. బండికి కొత్తగా పెయింట్ వేయించాక గేజీలన్నీ ఒక్కసారే పడుకున్నాయంటే మరీ అనుమానమే అక్కర్లేదు, బోల్టుల కింద రంగు చేరి ఎర్త్ తెగిపోయింది.

డాష్ కింద తల పెట్టి టార్చి వేసి చూస్తే మూడు తరాల మెలి జాయింట్లు, జిగురు కారిపోయిన టేపు, అన్నీ ఒకే ఎర్ర రంగు వైర్లు, పట్టుకుంటే పెళుసుగా విరిగే తొడుగు కనిపిస్తే మాత్రం ఇక తప్పదు, విప్పాల్సిందే. మా బండిలో అదే పరిస్థితి. అయినా అన్నీ ఒక్కసారి పీకొద్దు. పాతది ఒక్క సర్క్యూట్ తీసి, కొత్తది వేసి, పని చేస్తోందని చూసుకుని, అప్పుడు రెండోదాని జోలికి వెళ్లండి. మొత్తం పీకి కుప్ప పోసిన బండ్లు షెడ్లలో ఏళ్లకేళ్లు దుమ్ము పట్టి ఉండటం నేను చూశాను.

కావాల్సిన సామాను

డిజిటల్ మల్టీమీటర్, టెస్ట్ ల్యాంప్, మంచి క్రింపింగ్ ప్లయర్, సోల్డరింగ్ ఐరన్, హీట్ ష్రింక్ స్లీవ్, రింగు థింబుల్స్, స్పేడ్ టెర్మినల్స్, రబ్బరు గ్రోమెట్లు, గుడ్డ టేపు. హైదరాబాద్ వాళ్లకి ఎలక్ట్రానిక్స్ సామాను కోఠి గుజరాతీ గల్లీలో, ఆటో సామాను రాణిగంజ్‌లో దొరుకుతాయి. బెజవాడ వాళ్లకి ఆటోనగర్ ఉండగా చెప్పేదేముంది.

వైరు విషయంలో కక్కుర్తి పడొద్దు. ఇంటి వైరింగ్‌లో మిగిలిన ముక్కలు అసలే వాడొద్దు, ఇంజిన్ వేడికి, అదురుకి, పెట్రోలు ఆవిరికి తట్టుకునేలా చేసింది కాదది. ఆటో కేబుల్ అని అడిగి తీసుకోండి. గేజీలకి, వార్నింగ్ బల్బులకి, ప్యానెల్ లైట్లకి 1 చదరపు మిల్లీమీటరు వైరు చాలు, అంటే 0.30 మిల్లీమీటర్ల పోగులు 14 ఉండేది. తాళం స్విచ్చికి వెళ్లే లైవ్‌కి (బ్యాటరీ కరెంటు తెచ్చే వైరుకి) 28 పోగులది, అంటే 2 చదరపు మిల్లీమీటర్లది. ఆమ్‌మీటర్ ఉంచుకుంటే దాని రెండు వైర్లు మాత్రం 65 పోగులకి తగ్గకూడదు. దారంలా సన్నటిది వేసి సరిపెట్టుకుంటే ఎండాకాలం రాత్రి హెడ్‌లైట్లు వేసుకుని వెళ్తున్నప్పుడు డాష్ వెనక నుంచి ప్లాస్టిక్ కాలిన వాసన వస్తుంది.

రంగులు కూడా నాలుగైదు తీసుకోండి. అన్నీ ఎరుపే తెచ్చుకుంటే మీరు కూడా ఆ పాత మెకానిక్ చేసిన తప్పే చేసినట్టు.

బ్యాటరీ విప్పే ముందు ఒక్క చూపు

బ్యాటరీ నుంచి బాడీకి వెళ్లే లావు తీగ ఏ టెర్మినల్‌ది? నెగటివ్‌ది అయితే మామూలే. పాజిటివ్ అయితే మీది పాజిటివ్ ఎర్త్ బండి, పాత ఇంగ్లిష్ పద్ధతి. గేజీల్లో చాలావాటికి ఈ తేడా పట్టదు కానీ ఆమ్‌మీటర్ ముల్లు తిరగబడుతుంది, ఎల్‌ఈడీ బల్బులు వెలగవు, తర్వాత చెప్పబోయే ఎలక్ట్రానిక్ స్టెబిలైజర్ అయితే తగిలించిన క్షణంలో చచ్చిపోతుంది. డాష్‌బోర్డ్ మీద ఏం రాసి ఉన్నా నమ్మొద్దు, మధ్యలో ఎవరో మార్చి ఉండొచ్చు, మీటరు పెట్టి చూసుకోండి.

ఇప్పుడు ఎర్త్ తీగ ముందు విప్పండి. లైవ్ ముందు విప్పితే స్పానర్ బాడీకి తగిలిందంటే నిప్పురవ్వలే. చేతి ఉంగరం, స్టీలు గడియారం తీసి పక్కన పెట్టండి. ఈ మాట చాలా చోట్ల రాసి ఉంటుంది, చదివి వదిలేస్తాం. నేను కూడా వదిలేశాను, గడియారం గొలుసు ఆమ్‌మీటర్ టెర్మినల్‌కీ డాష్ ఇనుముకీ మధ్య పడింది, మణికట్టు మీద గోరంత మచ్చ ఇప్పటికీ ఉంది. ఆ రోజు బ్యాటరీ విప్పలేదు, "ఒక్క నిమిషం పనే కదా" అనుకున్నాను.

రంగుల లెక్క

లూకాస్ రంగులు ఒకసారి ఒంటబట్టాయంటే సర్క్యూట్ బొమ్మ లేకపోయినా పని జరుగుతుంది. గోధుమ రంగు అంటే బ్యాటరీ నుంచి నేరుగా వచ్చే లైవ్, తాళం తీసినా చావదు, మధ్యలో ఫ్యూజు కూడా ఉండదు, దీనితోనే జాగ్రత్త. తెలుపు అంటే తాళం వేస్తే వచ్చే లైవ్, ఇదీ ఫ్యూజు లేనిదే. అదే లైవ్ ఫ్యూజు దాటాక ఆకుపచ్చ అవుతుంది, గేజీలు, ఇండికేటర్లు, బ్రేక్ లైటు అన్నీ ఈ ఆకుపచ్చ మీదే బతుకుతాయి. ఊదా రంగు అంటే తాళంతో పని లేని లైవ్, ఫ్యూజు ఉన్నది. ఎరుపు పార్కింగ్ లైట్లకి, ఎరుపు మీద తెల్ల గీత ఉంటే డాష్ ప్యానెల్ బల్బులకి. నలుపు ఎర్త్.

గీతలున్న వైర్లలో మనకి కావాల్సినవి: ఆకుపచ్చ మీద నల్ల గీత ట్యాంకు యూనిట్‌కి (ట్యాంకులో పెట్రోలు మట్టం కొలిచేది), ఆకుపచ్చ మీద నీలి గీత టెంపరేచర్ సెండర్‌కి (ఇంజిన్ వేడి కొలిచి గేజీకి చెప్పేది), తెలుపు మీద గోధుమ గీత ఆయిల్ వార్నింగ్ బల్బుకి, గోధుమ మీద పసుపు గీత ఛార్జింగ్ వార్నింగ్ బల్బుకి, నీలం మీద తెల్ల గీత హై బీమ్ బల్బుకి. గేజీలకి వోల్టేజ్ తగ్గించి ఇచ్చే స్టెబిలైజర్ నుంచి వాటికి వెళ్లేది లేత ఆకుపచ్చ. యాభై ఏళ్ల ఎండకి గోధుమ, ఎరుపు రెండూ ఒకేలా కనిపిస్తాయి, అలాంటప్పుడు పైన టేపు కొంచెం విప్పి కట్ట లోపలి భాగం చూడండి, అసలు రంగు అక్కడ దాక్కుని ఉంటుంది.

విప్పే ముందు ఫోన్‌తో ఫొటోలు తీయండి, అయితే ఫొటోలనే నమ్ముకోవద్దు, ఇరవై ఫొటోల్లో ఆ ఒక్క వైరు ఎటు వెళ్లిందో కనబడదు. ప్రతి వైరుకి మాస్కింగ్ టేపు ముక్క చుట్టి నంబరు వేయండి, నోటుబుక్కులో ఆ నంబరు ఎదురుగా "ఫ్యూయల్ గేజీ, కుడి టెర్మినల్" అని రాసుకోండి. బోర్ పనే. మూడో ఆదివారం నాటికి దాని విలువ తెలుస్తుంది.

గేజీలు బయటికి తీయడం, కోయకూడని రెండు "వైర్లు"

స్పీడోమీటర్ వెనక గేర్‌బాక్స్ నుంచి వచ్చే కేబుల్ గళ్ల నట్టుతో బిగించి ఉంటుంది, వేళ్లతోనే తిప్పితే వస్తుంది, రాకపోతే ప్లయర్‌తో మెల్లగా. గేజీలని వెనక నుంచి బ్రాకెట్లు, చిన్న నట్లు పట్టి ఉంచుతాయి. బల్బు హోల్డర్లు లాగితే ఊడొస్తాయి, తుప్పు పట్టి ఉంటే అటూ ఇటూ ఆడిస్తూ లాగండి.

ఇక జాగ్రత్త పడాల్సింది. ఆయిల్ ప్రెషర్ గేజీ కొన్ని బండ్లలో కరెంటుది కాదు, ఇంజిన్ నుంచి సన్నని రాగి గొట్టమో ప్లాస్టిక్ గొట్టమో నేరుగా గేజీకి వస్తుంది, లోపల నిజమైన ఆయిలే ఉంటుంది. వైరు అనుకుని కోస్తే ఇంజిన్ స్టార్ట్ చేయగానే వేడి నూనె మీ పాదాల మీద పడుతుంది. రెండోది టెంపరేచర్ గేజీ. పాత రకంలో దాని వెనక నుంచి తీగ చుట్టిన సన్నని గొట్టం రేడియేటర్ వైపు వెళ్తుంది. అదీ వైరు కాదు. లోపల ఈథర్ లాంటి ద్రవం సీలు చేసి ఉంటుంది, వేడికి అది ఆవిరై ఆ ఒత్తిడి ముల్లుని తోస్తుంది. ఒకసారి తెగిందా, మడత పడి విరిగిందా, గేజీ మొత్తం పోయినట్టే, అతకడం మామూలు మెకానిక్‌ల వల్ల కాదు. ఈ రెండింటికీ వైరింగ్ లేదు, ప్యానెల్ బల్బు తప్ప. మీ పని సగం తగ్గినట్టు, సంతోషించండి.

మీ గేజీ ఏ రకం?

ఇది తెలియకుండా వైరింగ్ చేయొద్దు. తాళం తిప్పి ఫ్యూయల్ ముల్లుని చూడండి. తిప్పగానే టక్కున ఎగిరి నిలబడి, మలుపుల్లో పెట్రోలుతో పాటు అటూ ఇటూ ఊగుతుంటే అది పాత రకం, లోపల కాయిల్సు ఉంటాయి, 12 వోల్టులు నేరుగా ఇవ్వొచ్చు. తాళం తిప్పాక తాపీగా, అర నిమిషం దాకా తీసుకుని పైకి పాకితే అది బైమెటల్ రకం, లోపల వేడెక్కి వంగే రెండు లోహాల పట్టీ ఉంటుంది. దీనికి 10 వోల్టులే కావాలి, అందుకే మధ్యలో వోల్టేజ్ స్టెబిలైజర్ పెడతారు.

మరో పరీక్ష: ట్యాంకు యూనిట్ దగ్గర వైరు పీకండి. బైమెటల్ రకమైతే ముల్లు ఖాళీకి పడిపోతుంది, పాత రకమైతే ఫుల్ దాటి కొట్టుకుంటుంది. అందుకే రెండు రకాల గేజీలు, ట్యాంకు యూనిట్లు కలిపి వాడితే ఎప్పటికీ సరైన లెక్క చూపవు. స్మిత్స్ కంపెనీ బైమెటల్ రకానికి ట్యాంకు ఖాళీగా ఉన్నప్పుడు 240 ఓమ్‌ల దగ్గర, సగంలో 68 దగ్గర, నిండుగా ఉన్నప్పుడు 20కి దగ్గర్లో రెసిస్టెన్స్ ఉంటుంది. మల్టీమీటర్‌తో చూస్తే మీ యూనిట్ ఏదో తెలుస్తుంది. కొత్త గేజీ కొంటే దానికి జోడైన యూనిట్ కూడా అదే కంపెనీది తీసుకోండి, ప్రికాల్ అయినా మరొకటైనా.

ఒక హెచ్చరిక. "వైరు ఎర్త్‌కి తాకించి చూడు, ముల్లు లేస్తే గేజీ మంచిదే" అని అందరూ చెప్తారు. బైమెటల్ గేజీకి ఇలా రెండు సెకన్లకి మించి తాకించొద్దు, లోపలి సన్నని తీగ కాలుతుంది. 68 ఓమ్‌ల రెసిస్టర్ మధ్యలో పెట్టి తాకించండి, గుజరాతీ గల్లీలో ఒకటి కొనడం కన్నా పది కొనడమే తేలిక. ముల్లు సగం దగ్గర ఆగితే గేజీ బాగుంది, తప్పు వైరుదో ట్యాంకు యూనిట్‌దో.

స్టెబిలైజర్

చిన్న రేకు డబ్బా, స్పీడోమీటర్ వెనకో డాష్ ఇనుముకో స్క్రూతో బిగించి ఉంటుంది. "బి" అని ఉన్న వైపు ఆకుపచ్చ లైవ్ వస్తుంది, "ఐ" వైపు నుంచి లేత ఆకుపచ్చ గేజీలకి వెళ్తుంది. లోపల పట్టీ వేడెక్కి కాంటాక్ట్ తెరుస్తుంది, చల్లారి మూస్తుంది, అలా తెరుస్తూ మూస్తూ సగటున 10 వోల్టులు ఇస్తుంది. మల్టీమీటర్ పెడితే 12, 0, 12, 0 అని ఎగురుతుంటే చెడిపోయిందనుకోకండి, అదే దాని పని. ఎగరకుండా 12 దగ్గరే నిలబడితే చెడినట్టు, లేదా డబ్బాకి ఎర్త్ అందట్లేదు. అప్పుడు ఫ్యూయల్, టెంపరేచర్ రెండూ కలిసి ఎక్కువ చూపిస్తాయి. ఈ "రెండూ కలిసి" అన్నది గుర్తుంచుకోండి, ఒక్కటే తప్పు చూపిస్తే స్టెబిలైజర్ కాదు. డబ్బాని నిలువుగానే బిగించాలి, పడుకోబెడితే వేడి లెక్క మారుతుంది.

కొత్తది దొరక్కపోతే 7810 అనే ఎలక్ట్రానిక్ రెగ్యులేటర్‌తో మీరే చేసుకోవచ్చు. మూడు కాళ్లు, అక్షరాలు మీ వైపు పెట్టుకుంటే ఎడమది ఇన్‌పుట్, మధ్యది ఎర్త్, కుడిది 10 వోల్టుల అవుట్‌పుట్. ఇన్‌పుట్‌కీ ఎర్త్‌కీ మధ్య 0.33 మైక్రోఫారాడ్, అవుట్‌పుట్‌కీ ఎర్త్‌కీ మధ్య 0.1 మైక్రోఫారాడ్ కెపాసిటర్లు పెట్టండి. వెనక రేకు ఎర్త్‌తో కలిసే ఉంటుంది కాబట్టి నేరుగా డాష్ ఇనుముకి బిగించొచ్చు, వేడి కూడా అటే పోతుంది. ఇది నెగటివ్ ఎర్త్ బండికి మాత్రమే. మా బండిలో పాత డబ్బా లోపలి సామాను తీసేసి 7810 అందులోనే ఇరికించాను, బయటికి ఒరిజినల్‌లా కనిపిస్తుంది. అలాంటి చాదస్తం నాకు కొంచెం ఉంది.

ఎర్త్ గొలుసు

మొదటి ఆదివారం ఈ పని ఒక్కటే చేయండి, సగం సమస్యలు ఇక్కడే తీరతాయి. నల్ల వైరు ఒకటి తీసుకుని గేజీ నుంచి గేజీకి, స్టెబిలైజర్ డబ్బాకి, బల్బు హోల్డర్లకి రింగు థింబుల్స్‌తో గొలుసులా కలుపుకుంటూ వెళ్లండి, రెండు చివరలూ రెండు వేర్వేరు బోల్టుల దగ్గర బాడీకి బిగించండి. ఒక చివర తెగినా రెండోది కాపాడుతుంది. బోల్టు కింద రంగు, తుప్పు మొత్తం గీకి తెల్లటి ఇనుము కనబడాలి, బిగించాక పైన కొంచెం పెట్రోలియం జెల్లీ పూయండి.

ట్యాంకుకి కూడా విడిగా ఒక ఎర్త్ వైరు వేయండి. రబ్బరు ప్యాకింగుల మీద, రంగు మీద కూర్చున్న ట్యాంకుకి బోల్టుల ద్వారా ఎర్త్ అందుతుందన్న నమ్మకం లేదు. ఆ పని చేసేటప్పుడు బ్యాటరీ విప్పే ఉంచండి, ట్యాంకు మూత మూసి ఉంచండి, సిగరెట్టు గురించి వేరే చెప్పను.

ఇంజిన్ నుంచి బాడీకి ఒక అల్లిన రాగి పట్టీ ఉంటుంది, అదీ చూడండి. తెగిపోతే సెల్ఫ్ కొట్టినప్పుడు అంత కరెంటూ చోక్ కేబుల్ గుండానో స్పీడోమీటర్ కేబుల్ గుండానో వెళ్తుంది. సెల్ఫ్ కొట్టగానే చోక్ నాబ్ వేడెక్కుతోందంటే అదే.

ఆమ్‌మీటర్ ఉంచాలా, తీసేయాలా

తీసేయమంటాను. పాతకాలపు అందం అని బాధపడేవాళ్లు ఉంటారు, నేనూ పడ్డాను. ఆమ్‌మీటర్ అంటే సెల్ఫ్ తప్ప బండిలోని దాదాపు కరెంటంతా ఆ రెండు నట్ల గుండా, ఫ్యూజు లేకుండా, డాష్ ఇనుముకి అంగుళం దూరంలో ప్రవహిస్తోందన్న మాట. డైనమో స్థానంలో ఆల్టర్నేటర్ పెట్టించి ఉంటే ఇంకా ప్రమాదం, 30 ఆంపియర్ల మీటరు అంతకు మించి మోయలేదు. తీసేసి ఆ రెండు లావు వైర్లనీ ఒకే బోల్టు, నట్టుతో కలిపి, పైన రెండు పొరల హీట్ ష్రింక్ వేసి, బాడీకి తగలకుండా కట్టేయండి.

ఆ రంధ్రంలో వోల్ట్‌మీటర్ పెట్టండి, దానికి ఆకుపచ్చ వైరు ఒకటి, ఎర్త్ ఒకటి, అంతే. ఇంజిన్ ఆపి ఉన్నప్పుడు 12.6 చుట్టూ, నడుస్తుంటే 13.8 నుంచి 14.4 మధ్య ఉంటే ఛార్జింగ్ బాగున్నట్టు. స్టెబిలైజర్ అవుట్‌పుట్‌కి మాత్రం పొరపాటున కలపకండి, ఎప్పుడూ 10 చూపించి మిమ్మల్ని భయపెడుతుంది.

లేదు, ఆమ్‌మీటర్ ఉండాల్సిందే అంటారా, అయితే లావు వైర్లు, సోల్డర్ చేసిన థింబుల్స్, రెండు టెర్మినల్స్ మీదా రబ్బరు టోపీలు. ఛార్జ్ అవుతున్నప్పుడు ముల్లు మైనస్ వైపు వెళ్తే భయపడక్కర్లేదు, రెండు వైర్లు అటూ ఇటూ మార్చండి.

వార్నింగ్ బల్బులు

ఆయిల్ బల్బు సర్క్యూట్ అన్నిటికన్నా సులువు: తెల్ల లైవ్ బల్బుకి, బల్బు నుంచి తెలుపు-గోధుమ వైరు ఇంజిన్ మీది ప్రెషర్ స్విచ్చికి. తాళం వేయగానే వెలగాలి, ఇంజిన్ తిరగ్గానే ఆరాలి. వెలగకపోతే స్విచ్చి దగ్గర వైరు పీకి ఇంజిన్ ఇనుముకి తాకించండి, వెలిగితే స్విచ్చి మార్చుకోండి. బల్బు పోయి ఉండగా "లైటు రావట్లేదు కదా, ఆయిల్ బాగానే ఉంది" అనుకున్నవాళ్ల ఇంజిన్లు సీజ్ అయ్యాయి.

ఛార్జింగ్ బల్బు దగ్గర ఒక కిటుకు ఉంది. ఆల్టర్నేటర్ ఉన్న బండిలో ఆ 2.2 వాట్ల బల్బు గుండా వెళ్లే చిన్న కరెంటే ఆల్టర్నేటర్‌ని లేపుతుంది. అక్కడ ఎల్‌ఈడీ పెడితే ఆ కరెంటు చాలక ఛార్జింగే మొదలవకపోవచ్చు. కాబట్టి ఆ ఒక్క చోట మామూలు బల్బే ఉంచండి, మిగతా ప్యానెల్ అంతా ఎల్‌ఈడీ చేసుకున్నా మీ ఇష్టం. నాకైతే ఆ తెల్లటి ఆసుపత్రి వెలుతురు నచ్చలేదు, మళ్లీ పాత పసుపు బల్బులే పెట్టాను.

టెంపరేచర్ సెండర్ కరెంటు రకమైతే దానికి ఎర్త్ దాని మరల గుండానే అందుతుంది. నీళ్లు కారకుండా టెఫ్లాన్ టేపు గట్టిగా చుట్టారంటే ఎర్త్ తెగి, ఇంజిన్ ఉడికిపోతున్నా ముల్లు చల్లగా చూపిస్తుంది. సెండర్‌ని విప్పి వేడి నీళ్ల గిన్నెలో ముంచి మీటరు పెడితే వేడి పెరిగేకొద్దీ ఓమ్‌లు తగ్గాలి. వంటింటి గిన్నె వాడకండి, నేను వాడి మాటలు పడ్డాను.

ఫ్యూజు సంగతి

లూకాస్ పాత ఫ్యూజు డబ్బాలో గాజు ఫ్యూజులు రెండే ఉంటాయి. వాటి మీద 35 అని రాసి ఉంటే అది కరిగిపోయే ఆంపియర్ల లెక్క, నిరంతరం మోసేది 17 మాత్రమే. ఇప్పటి బ్లేడ్ ఫ్యూజుల మీద రాసేది మోసే లెక్క. కాబట్టి పాత 35 స్థానంలో కొత్త 35 పెట్టారంటే వైరు కాలాక ఫ్యూజు ఆలోచించుకుంటుంది, 15 లేదా 20 పెట్టండి. మా బండిలో ఒక ఫ్యూజు స్థానంలో సిగరెట్ ప్యాకెట్ వెండి కాగితం చుట్టి ఉంది, ఎన్నేళ్ల నుంచో తెలియదు. గేజీలకి విడిగా 5 ఆంపియర్ల ఇన్‌లైన్ ఫ్యూజు వేసుకుంటే ఇండికేటర్ షార్ట్ అయినా గేజీలు బతుకుతాయి.

జాయింట్లు

మెలిపెట్టి టేపు చుట్టడం వద్దు, అంతే. కోస్తా ఎండకి, రెంటచింతల లాంటి చోట మే నెలలో మూసిన కారులో, మామూలు పీవీసీ టేపు జిగురు తేనెలా కారిపోతుంది, టేపు జారి రాగి బయటపడుతుంది. టెర్మినల్స్‌ని సరైన ప్లయర్‌తో క్రింప్ చేయండి, చేశాక గట్టిగా లాగి చూడండి, ఊడితే ఇప్పుడే ఊడనివ్వండి. సోల్డర్ చేస్తే ఆ చోటు బిరుసెక్కుతుంది, అదురుకి అక్కడే విరుగుతుంది, కాబట్టి దాని పక్కనే వైరుని ఎక్కడో ఒక చోట కట్టాలి. హీట్ ష్రింక్ స్లీవ్ మాత్రం వైరులోకి ముందే ఎక్కించండి. ఈ మాట రాస్తూ కూడా నవ్వొస్తోంది, నాలుగు ఆదివారాల్లో కనీసం పది సార్లు సోల్డర్ చల్లారాక స్లీవ్ బల్ల మీద నన్ను చూస్తూ ఉండేది.

ఇంజిన్ వైపు నుంచి డాష్‌లోకి వైర్లు వచ్చే రంధ్రానికి రబ్బరు గ్రోమెట్ తప్పనిసరి, ఆ రేకు అంచు బ్లేడులాంటిది. వైర్లని కొంచెం వదులుగా ఉంచండి, గేజీని బయటికి లాగి బల్బు మార్చుకునేంత పొడవు ఉండాలి. స్టీరింగ్, క్లచ్ పెడల్ కదిలే దారిలోకి ఏదీ వేలాడకూడదు.

కరెంటు ఇచ్చే ముందు

ముందు బ్యాటరీ విప్పి ఉండగానే మీటరుతో ఆకుపచ్చ వైరుకీ బాడీకీ మధ్య చూడండి, సున్నా ఓమ్‌లు చూపిస్తే ఎక్కడో షార్ట్. తర్వాత 21 వాట్ల బ్రేక్ లైటు బల్బు ఒకటి తీసుకుని బ్యాటరీ ఎర్త్ టెర్మినల్‌కీ, విప్పిన ఎర్త్ తీగకీ మధ్య కలపండి. ఇప్పుడు బండికి వెళ్లే కరెంటంతా ఈ బల్బు గుండానే వెళ్లాలి, షార్ట్ ఉంటే బల్బు భగ్గున వెలుగుతుంది తప్ప వైరు కాలదు. అన్నీ ఆపి ఉంటే బల్బు వెలగకూడదు. ఇగ్నిషన్ కాయిల్ మీది తెల్ల వైరు తీసి పక్కన పెట్టి తాళం తిప్పండి, లేకపోతే కాయిల్ లాగే కరెంటుకే బల్బు వెలిగి మీకు లేనిపోని టెన్షన్. గేజీలు, వార్నింగ్ బల్బుల వరకే అయితే లేతగా వెలుగుతుంది. ఒక్కో స్విచ్చి వేస్తూ వెళ్లండి. ఎక్కడ బల్బు ఒక్కసారిగా ప్రకాశించిందో తప్పు అక్కడ ఉంది, అయితే హెడ్‌లైట్లకి మాత్రం అది సహజమే.

అంతా బాగుంటే బల్బు తీసి, కాయిల్ వైరు కలిపి, బ్యాటరీ మామూలుగా బిగించి స్టార్ట్ చేయండి. ఇంజిన్ నడుస్తుండగా డాష్ వెనక వైర్ల కట్టని చేత్తో అటూ ఇటూ కదిలించండి, ఏ ముల్లయినా ఉలిక్కిపడితే అక్కడి టెర్మినల్ వదులు.

ఆఖరి పని ఫ్యూయల్ గేజీ లెక్క రాసుకోవడం. ట్యాంకు దాదాపు ఖాళీ అయ్యేదాకా ఊళ్లోనే తిప్పి, బంకులో ఐదేసి లీటర్లు పోయిస్తూ, ప్రతిసారీ తాళం వేసి ఒక నిమిషం ఆగి, ముల్లు ఎక్కడ నిలిచిందో రాసుకోండి. బంకు కుర్రాడు విసుక్కుంటాడు, రద్దీ లేని వేళ చూసుకుని వెళ్లండి. మా బండిలో పావు గీత దగ్గర నిజంగా ఉండేది పావు కన్నా తక్కువని అప్పుడే తెలిసింది. ఆ కాగితం గ్లోవ్‌బాక్స్ మూత లోపల అంటించాను. నాన్న అది కళ్లజోడు పెట్టుకుని మొత్తం చదివాడు, బాగుందన్నాడు, డిక్కీలోంచి ఆ ఐదు లీటర్ల క్యాన్ మాత్రం తీయనివ్వలేదు.